అటక సంగతి తర్వాత, ముందు మందుల డబ్బా దించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నా వయసు 62. మాది తూర్పు గోదావరి జిల్లా. రెండు నెలల కిందట హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాను. ఇన్నేళ్లూ తీరిక లేక అటక మీదికి ఎక్కించిన సామానంతా ఇప్పుడు దించి, అక్కర్లేనివి ఇచ్చేస్తున్నాను. పొద్దున అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ పేపరు మొత్తం చదవడం, మధ్యాహ్నం ఓ కునుకు, సాయంత్రం మొక్కలకు నీళ్లు, ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు. సమస్యల్లా దుమ్ముతోనే. అటక సర్దిన రోజు ఒకటే తుమ్ములు. జలుబు బిళ్ల వేసుకుంటే తగ్గుతోంది. రోజూ వేసుకోవచ్చా? ఎలాంటి మాస్కు మంచిది? మధ్యాహ్నం నిద్రపోవచ్చా? టెన్షన్ పోయింది కనుక బీపీకి టెల్మిసార్టాన్ 40 సగం బిళ్లే వేసుకుంటున్నాను. మోకాళ్ల నొప్పికి ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ వాడుతున్నాను. పోయిన వారం ఇత్తడి గంగాళం దించుతుంటే గుండెల మీద బరువు పెట్టినట్టయి చెమట పట్టింది, గ్యాస్ బిళ్ల వేసుకుని కూర్చుంటే పది నిమిషాల్లో తగ్గింది. ఇప్పుడు బాగానే ఉన్నాను.

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది దుమ్ము గురించి, నేను రాయబోయేది గంగాళం గురించి. అడగని ప్రశ్నకు జవాబు రాస్తే మీరైతే సున్నా వేస్తారని తెలుసు, అయినా తప్పదు. అసలు విషయం తీసుకెళ్లి చిట్టచివర ఇరికించారు. మా ఓపీలోనూ ఇదే తంతు. పావుగంట మోకాళ్ల గురించి చెప్పి, చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి "అన్నట్టు డాక్టర్ గారూ, మొన్న మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టయింది" అంటారు.

బరువు మోస్తున్నప్పుడు గుండెల మీద బరువు, చెమట, కూర్చుంటే తగ్గిపోవడం. బీపీ ఉన్న 62 ఏళ్ల మనిషి ఇవి చెబితే మేము మొదట అనుమానించేది గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో అడ్డంకి. అదేనని నేను అనడం లేదు, మిమ్మల్ని చూడకుండా మెయిల్ చదివి ఎవరూ అనలేరు. కండరం పట్టేసి ఉండొచ్చు, నిజంగా గ్యాసే కావచ్చు. కానీ గుండె కాదని తేలాక గ్యాస్ అనుకోవాలి గానీ, ముందే గ్యాస్ అని తేల్చేసి గుండె సంగతి వదిలేస్తే ఎలా?

గ్యాస్ బిళ్లతో తగ్గింది కదా అంటారు. అది ప్యాంటోప్రజోల్ లాంటిదే అయ్యుంటుంది. ఆ బిళ్ల మీద ఒక పూత ఉంటుంది, కడుపులోని యాసిడ్‌కు కరగకుండా పేగుల్లోకి వెళ్లాకే కరగాలని. అక్కణ్నుంచి రక్తంలో కలిసి పని మొదలుపెట్టేసరికి గంట పైమాటే. మీ నొప్పేమో పది నిమిషాల్లో పోయింది, అప్పటికి ఆ బిళ్ల కరగనైనా కరిగి ఉండదు. తగ్గించింది బిళ్ల కాదు మాస్టారూ, గంగాళం కింద పెట్టి మీరు కూర్చోవడం.

నా దగ్గరికి ఇలాగే ఒకాయన వచ్చారు, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఇల్లు మారుతూ పుస్తకాల పెట్టెలు తనే మోశారు, ఛాతీలో మంట మొదలైతే మూడు రోజులు సోడా, గ్యాస్ బిళ్లలతో నెట్టుకొచ్చారు. ఈసీజీ చూశాక ఆయన్ని మంచం మీద నుంచి లేవనివ్వలేదు. ప్రాణం దక్కింది గానీ గుండె పంపింగ్ తగ్గిపోయింది, ఇప్పుడు ఒక్క అంతస్తు ఎక్కాలన్నా మధ్యలో ఆగుతారు.

కాబట్టి ఇది చదివిన రోజే, రేపు మంచి రోజా కాదా అని చూడకుండా, గుండె డాక్టరునో మంచి ఫిజీషియన్‌నో కలవండి. స్కూటర్ మీద ఒక్కరే వెళ్లకండి. ఈసీజీ నార్మల్ వచ్చిందని సంబరపడి ఇంటికి వచ్చేయకండి, నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ బాగానే ఉండొచ్చు. రక్త పరీక్షలు, ఎకో (గుండె స్కానింగ్), ఇంకేమైనా కావాలా అన్నది ఆ డాక్టరు చెప్పాలి. మీ అంతట మీరు ల్యాబుకు వెళ్లి ట్రెడ్‌మిల్ మాత్రం ఎక్కొద్దు. పెన్షనర్లకు ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) ఉంది, ఆ కార్డు ఎక్కడుందో వెతికి పెట్టుకోండి, అది కూడా అటక మీదికి చేరిపోకముందే. అప్పటిదాకా బరువులు ఎత్తొద్దు, నిచ్చెన ఎక్కొద్దు. మళ్లీ బరువుగా అనిపించి కూర్చున్నా తగ్గకపోతే, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, దవడకో ఎడమ చేతికో పాకినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో వాళ్లకూ ఇది చదివి వినిపించండి.

ఇక బీపీ బిళ్ల. మీలాంటి చదువుకున్నవాళ్లే ఎక్కువగా చేసే పొరపాటు ఇది. హైపర్‌టెన్షన్‌లో ఉన్న టెన్షన్ స్కూల్ టెన్షన్ కాదు, రక్తనాళాల గోడల మీద రక్తం పెట్టే ఒత్తిడి. డీఈఓ ఆఫీసు నుంచి ఫోన్లు ఆగిపోతే అది కాస్త తగ్గొచ్చు, కానీ ఎంత తగ్గిందో మిషన్ చెప్పాలి, మీరు కాదు. వారం రోజులు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి చూసుకోండి, కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటున 135/85 దాటుతుంటే ఎక్కువే. డోసు ఆయన తగ్గిస్తే తగ్గించండి. పైగా టెల్మిసార్టాన్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది, తుంచి రేపటికని దాచిన ముక్క ఎంత పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా మీ డాక్టరు రాసిన డోసే వాడండి, దాంతో ఇదివరకు కళ్లు తిరిగి ఉంటే మాత్రం ముందు ఆయన్ని అడగండి.

డైక్లోఫెనాక్ వెంటనే ఆపండి. అది బీపీని పెంచుతుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీలకు మంచిది కాదు, గుండె మీద అనుమానం ఉన్నప్పుడు అసలే వద్దు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, దాంతోపాటు రక్తంలో పొటాషియం కూడా ఒకసారి చూడమనండి. జలుబు బిళ్లలో చాలావాటికి ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైల్‌ఎఫ్రిన్ కలుపుతారు, అదీ బీపీని పెంచేదే. మత్తు తెచ్చే క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఉంటుంది, ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్లకు మూత్రం బిగబట్టేస్తుంది. నిచ్చెన ఎక్కే మనిషికి మత్తు బిళ్ల దేనికి చెప్పండి!

మీ ఇంట్లో మందుల డబ్బా నేను చూడలేదు గానీ ఏముంటాయో చెప్పగలను. బిస్కెట్ల డబ్బానో, షాపువాళ్లిచ్చిన స్వీట్ల డబ్బానో అయ్యుంటుంది. పేరు చిరిగిపోయి రేకు మాత్రం మిగిలిన స్ట్రిప్పు, మనవడికి జ్వరం వచ్చినప్పుడు కలిపిన యాంటీబయాటిక్ సిరప్‌లో అడుగున గడ్డకట్టిన మందు, కంటి ఆపరేషన్ అప్పటి చుక్కలు, కాలం చేసిన పెద్దాయన గుండె బిళ్లలు. పారేయడానికి మనసొప్పదు, డబ్బులు పెట్టి కొన్నవి కదా. కలిపిన సిరప్ వారం, పది రోజులకు మించి పనికిరాదు, మూత తీసిన కంటి చుక్కలు నెల దాటితే వాడకూడదు. అటక మీద గంగాళం ఇంకో పదేళ్లున్నా ఎవరికీ ఏమీ కాదు, ఈ డబ్బా అలా కాదు. మీరు వాడే డైక్లోఫెనాక్ కూడా ఎప్పుడో ఎవరికో రాసిందే అయ్యుంటుంది. అన్నీ మంచం మీద పోసి, ఇప్పుడు మీకూ ఇంట్లోవాళ్లకూ డాక్టరు రాసినవి తప్ప మిగతావి తీసేయండి. స్ట్రిప్పుల్లోంచి బిళ్లలు తీసి వాడేసిన కాఫీ పొడిలోనో మట్టిలోనో కలిపి కవర్లో కట్టి చెత్తలో వేయండి, పిల్లలకూ కుక్కలకూ అందకుండా.

దుమ్ము సంగతి. అటక దులపకండి, తడిగుడ్డతో తుడిపించండి, అదీ మీరు కాదు, పనికి ఓ కుర్రాణ్ని పెట్టుకోండి, మీరు కింద కుర్చీలో కూర్చుని ఏది ఉంచాలో ఏది ఇచ్చేయాలో చెప్పండి. ఇన్నేళ్లు చేసిన పనే కదా. ఎన్95 మాస్కు ముక్కుకు సరిగ్గా అతుక్కుంటే చాలు. ఎలుక పెంటికలుంటే పొడిగా ఊడవనే ఊడవద్దు. కలరా ఉండలు వేసిన ట్రంకు పెట్టె తెరిస్తే ఎండలో కాసేపు వదిలేయండి. తుమ్ములకు ఏ బిళ్ల అన్నది కిడ్నీ రిపోర్టు వచ్చాక అడగండి.

వస్తువులు ఇచ్చేస్తుంటే మనసు తేలికపడుతోంది కదా, మంచిదే. అలా కాక దేని మీదా ఆశ లేక, ఇక నాకెందుకులే అని ఇచ్చేస్తున్నట్టు అనిపించి, రెండు వారాలైనా నిద్ర పట్టక, తిండి సయించకపోతే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

మధ్యాహ్నం నిద్ర అరగంట అయితే ఇబ్బంది లేదు, మూడు దాటాక పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. కాఫీ రోజుకు రెండు కప్పులు. ఆవకాయ గురించి మీరు అడగలేదు, నేనూ అడగను, కానీ రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే టీ చెంచాడు, అందులో ఆవకాయ ఉప్పు కూడా కలిపే. సిస్టర్ రెండోసారి పిలిచింది, బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఈసీజీ ఫొటో తీసి నాకు పంపకండి, కాగితం పట్టుకుని దగ్గర్లోని డాక్టరుకే చూపించండి.