ఆ కాణీలను తోమకు కిట్టూ

పర్లాకిమిడి

చిరంజీవి కిట్టుకి అత్త ఆశీస్సులు.

గుణుపురం సంతలో పాత ఇత్తడి సామాన్లమ్మే ముసలాయన దగ్గర గుప్పెడు రాగి కాణీలు, అదే పాత పావు అణా నాణేలు, కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ తాతయ్య పిచ్చి నీకు పట్టిందని ఎంత సంబరపడ్డానో. ఆదివారం వాటిని నిమ్మకాయతో తోముతావని కూడా చెప్పింది. అప్పట్నుంచి నాకు టెన్షనే. ఇది చదివేదాకా వాటి జోలికి వెళ్లకు.

నాకు పదకొండేళ్లప్పుడు, దీపావళి ముందు రోజు అమ్మ బిందెలూ చెంబులూ తోమమంది. నాన్న పెట్టెలో డబ్బులు కూడా నల్లగా ఉన్నాయి, మెరిపిస్తే మురిసిపోతారనుకున్నాను. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు తీసుకుని బావి దగ్గర కూర్చున్నాను. వాటిలో 1835 నాటి ఈస్టిండియా కుంపిణీ పావు అణా ఒకటి. ముదురు బెల్లం రంగు. దాని మీద జెండాలు పట్టుకున్న రెండు సింహాలు, జూలులో ఒక్కొక్క వెంట్రుకా కనిపించేది. ఐదు నిమిషాల్లో కొత్త చెంబులా ఎర్రగా తేలింది. పరిగెత్తుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. జూలు చదునైపోయింది, బొమ్మ నిండా సన్నటి గీతలు. తిడతారనుకున్నాను. నా వేళ్లు చూసి, "పులుపుకి మండట్లేదా అమ్మా?" అన్నారు. అంతే. నెల తిరిగేసరికి ఆ ఎరుపూ మచ్చలు మచ్చలుగా నల్లబడింది.

ఆ గోధుమరంగు మురికి కాదురా. ఏళ్ల తరబడి గాలి తగిలి రాగి మీద ఏర్పడిన పొర. లోపలి లోహాన్ని అదే కాపాడుతుంది. పులుపు దాన్ని తినేస్తుంది, పొడి బొమ్మని గీకేస్తుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దు. రుద్దకు. పీవీసీ కవర్లలో దాచకు, పచ్చటి జిగురు పడుతుంది.

గుర్తుపట్టడం నువ్వే నేర్చుకుంటావు. విక్టోరియా రూపాయి మీద 'క్వీన్' అని ఉంటే 1877కి ముందుది, 'ఎంప్రెస్' అని ఉంటే ఆ తర్వాతది. 1947 రూపాయి వెండి కాదు, నికెల్. అయస్కాంతానికి అతుక్కుంటుంది.

ఇంకొక్క మాట, ఇది కోపంగానే చెబుతున్నాను. ముఖలింగం చుట్టుపక్కల పూర్వం కళింగాన్ని ఏలిన గాంగరాజుల బంగారు ఫణాలు, అంటే చిన్న చిన్న నాణేలు, దొరుకుతాయి, తవ్వుదాం రమ్మని ఎవరైనా పిలిస్తే వెళ్లావంటే ఊరుకోను. భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. లంకెబిందెల వాళ్ల వెంట చీకట్లో తిరిగే నీ గురించి ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు నాన్నా.

ఆ పావు అణా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నీకే ఇస్తాను. అంచు పట్టుకుని తీసుకో.

మీ అత్త