సినిమా ‘అప్పా’, సీమ ‘అప్పా’

సందేహం: పాత యాక్షన్ సినిమాల్లో హీరో సీమలో పుట్టినా కోస్తా తెలుగే మాట్లాడతాడు. విలన్ మాత్రం సీమ యాసలో ‘ఏందప్పా’ అంటాడు. ‘అప్పా’ మోటు మాటా? రాతలో వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: మోటు మాట కాదమ్మా. అప్ప అంటే తండ్రి. తమిళ కన్నడాల్లోనూ అంతే. ఉత్తరాంధ్రలో అక్క. ‘అప్పచెల్లెండ్రు’లో ఉన్నది ఆ అప్పే.

‘అప్పని వరప్రసాది అన్నమయ్య, అప్పసము మాకే కలడన్నమయ్య’ అని తాళ్లపాకవారి కీర్తన. అప్పసము అంటే ఎల్లప్పుడూ. ఇక్కడ అప్పడు సాక్షాత్తూ ఏడుకొండలవాడు, తిరుమలప్ప. రాజంపేట పక్క పల్లెలో పుట్టిన పదకవిత ఇంటిమాటతోనే దేవుణ్ణి పిలిచింది. అహోబిలం స్వామి పేరు ఓబులప్ప అయింది, తిమ్మప్పలు ఊరూరా ఉన్నారు. అదే నోటితో సీమ రైతు పక్క చేనాయన్ను ‘ఏమప్పా, వాన పడిండాదా?’ అని పలకరిస్తాడు. అందులో చనువుంది, మన్ననుంది. కోపం ముదిరితే ‘అప్పా’ పోయి ‘రా’ వస్తుంది.

ఇంత మెత్తని మాటను 1990ల చివరి ఫ్యాక్షన్ సినిమాలు వేటకొడవలికి కట్టేశాయి. ‘ప్రేమించుకుందాం రా’ (1997)లో జయప్రకాశ్ రెడ్డి పలుకు అసలైనదే, ఆయనది సిరివెళ్ల. కానీ ఆ పలుకుకు దక్కింది ప్రతినాయకుడి వేషం. ఆ కథల్లో సీమ డాక్టరూ, పంతులూ కోస్తా తెలుగే మాట్లాడారు. ఆడవాళ్ల ‘ఏమ్మే’ వినబడటమే అరుదు. ఒక ప్రాంతపు నుడి మొత్తం ఒక్క పాత్రకే అంటగట్టడం అన్యాయం.

ఇప్పటి సంభాషణ రచయితలకు మరో తొందర. ‘ఎక్కడికి వెళ్తున్నావప్పా’ అని కోస్తా క్రియకు తోక తగిలించి సీమ మాట అంటారు. కాదు. ముందు ప్రశ్నార్థకమూ క్రియా మారాలి: ‘యాడికి పోతాండావప్పా’. వచ్చాడు ‘వచ్చినాడు’ కావాలి, ఉన్నాడు ‘ఉండాడు’ కావాలి. ఆ తర్వాతే ‘అప్పా’, అదీ ప్రతి వాక్యానికీ కాదు, పిలిచేటప్పుడో బతిమాలేటప్పుడో. మూడు వాక్యాలకు మూడూ ‘అప్పా’లైతే వెటకారంగా వినిపిస్తుంది. కొన్ని ఊళ్లలో ‘అబ్బా’ అంటారు, ఆ తేడా కూడా కనుక్కోవాలి.

మీరు యాస అన్నారు. యాస పలికే తీరు, మాండలికంలో పదాలూ క్రియారూపాలూ కూడా చేరతాయి.

రాతలో అంటారా, కథల్లో సంభాషణకు నిక్షేపంగా వాడండి. వ్యాసంలో నేనైతే వాడను, వాడినవారిది తప్పనీ అనలేను. ఉత్తరంలో తెలిసినవారికి ‘అప్పా’ సరిపోతుంది. కొత్తవారికి ‘అయ్యా’ అని రాయడం మేలు.