"కోడ్ టూ లార్జ్" అంటే ఫైలు పెద్దదని కాదు

ప్రశ్న: నిఘంటువు కోసం 40,000 మాటలను ఒక స్టాటిక్ స్ట్రింగ్ అరేలో (వరుస గడుల పట్టికలో) పెట్టాను. ఆ జావా ఫైలును చేత్తో రాయలేదు, స్క్రిప్టుతో పుట్టించాను. కంపైల్ చేస్తే "కోడ్ టూ లార్జ్" అంటోంది. కంపైలరుకు 4 జీబీ మెమరీ ఇచ్చినా అదే పాట. ఒక మిత్రుడి సలహా మీద మెథడ్‌కు 5,000 మాటల చొప్పున ఎనిమిది మెథడ్లుగా (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కలుగా) విడగొట్టాను. పాత ఎర్రర్ పోయింది గానీ "టూ మెనీ కాన్‌స్టాంట్స్" అని కొత్తది వచ్చింది. ఇది కంపైలర్ బగ్గా?

జవాబు: బగ్ కాదండీ. మీరు ఒక గోడ దాటి ఇంకో గోడకు తల కొట్టుకున్నారు, అంతే. మెమరీ పెంచినందుకు సిగ్గుపడకండి. ఒక ఫాంటులోని అక్షరాల వెడల్పుల పట్టిక కోసం నేనూ రెండు రాత్రులు అదే పని చేశాను. మూడో రోజు విసుగొచ్చి పట్టికలో సగం కోసేశాను. కంపైలయింది. కోసిన దాంట్లో సగం మళ్ళీ అతికించాను, అయింది. ఇంకాస్త అతికిస్తే ఆగింది. అలా తగ్గిస్తూ పెంచుతూ పోతే 8,200 పైచిలుకు అంకెల దగ్గర గీత తేలింది. అప్పుడు గానీ, కంపైలైన క్లాసును జావాపి (క్లాస్ ఫైల్లోని ఆదేశాలను చూపించే పనిముట్టు) తో విప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

విప్పితే అరే అనేదే కనబడలేదు! మనం మీసాల బ్రాకెట్లలో పొందిగ్గా రాసుకున్న పట్టికకు క్లాస్ ఫైల్లో చోటే లేదు. దాని బదులు ఒక్కో అంకెకూ నాలుగు ఆదేశాలు బారులు తీరి ఉన్నాయి: అరేని ఇంకోసారి స్టాక్ (ఆదేశాలు విలువలు పెట్టుకునే దొంతర) మీద పెట్టే డూప్ (1 బైటు), ఎన్నో గడి అని చెప్పే సిపుష్ (3), విలువ కోసం ఇంకో సిపుష్ (3), గడిలో వేసే ఐఏస్టోర్ (1). మొత్తం 8 బైట్లు. మీ స్ట్రింగులకూ లెక్క ఇంతే. విలువను తెచ్చే ఆదేశం పేరు మారుతుంది గానీ బైట్లు అవే ఎనిమిది. మొదటి కొన్ని గడులకు ఒకటి రెండు బైట్లు తగ్గుతాయి, వాటిని వదిలేద్దాం. 40,000 మాటలకు 3,20,000 బైట్లు. ఇదంతా క్లాసును సిద్ధం చేయడానికి కంపైలరు తనంతట తాను పుట్టించే ఒకే ఒక్క మెథడ్‌లోకి పోతుంది. ఒక మెథడ్‌కు జావా ఇచ్చే హద్దు 65,535 బైట్లు. మీ ఫైలు ఎన్ని లైన్లన్నది ఎవరికీ పట్టదు.

విచిత్రమేమిటంటే, క్లాస్ ఫైల్లో కోడ్ పొడవు రాసుకునే చోటు నాలుగు బైట్లు. అంటే అక్కడ కోట్లలో అంకె పడుతుంది. కానీ ఎక్సెప్షన్ల పట్టిక, లైన్ నంబర్ల పట్టిక కోడ్‌లోని స్థానాలను రెండేసి బైట్లలోనే రాసుకుంటాయి. అంతకు మించిన కోడ్‌ను అవి చూపించలేవు. తలుపు పెద్దదే, వెనకాల నడవా ఇరుకు.

ఇక రెండో గోడ. ప్రతి క్లాసుకూ కాన్‌స్టాంట్ పూల్ అని ఒక చిట్టా ఉంటుంది. దాని లెక్కకూ రెండే బైట్లు, కాబట్టి అందులోనూ 65,535 లోపే పడతాయి. ఒక్కో కొత్త స్ట్రింగ్ రెండు గడులు తింటుంది, అక్షరాలకు ఒకటి, వాటిని స్ట్రింగ్‌గా చూపించేందుకు ఇంకొకటి. మీ మాటలకు 80,000 కావాలి. ఈ చిట్టా క్లాసంతటికీ ఉమ్మడిది, మెథడ్‌కొకటి ఉండదు. ఎనిమిది మెథడ్లు చేసినా ఎనభై చేసినా ఒరిగేదేమీ లేదు.

మాటలను 20,000 చొప్పున రెండు క్లాసులకు పంచి, ఒక్కోదాన్లో నాలుగు మెథడ్లు పెడితే కంపైల్ అవుతుంది. కానీ నేనైతే చేయను. మాటల జాబితాను కోడ్‌గా మార్చడమే అసలు తప్పు. లైనుకొక మాట చొప్పున టెక్స్ట్ ఫైల్లో రాసి జార్‌లో (ప్రోగ్రాం ఫైళ్ళ మూటలో) పెట్టండి. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్‌తో తెరిచి లైన్లు చదువుకోండి. పది లైన్ల పని. చదివేటప్పుడు యూటీఎఫ్-8 అని మాత్రం మర్చిపోకుండా చెప్పండి.

ఇంకో మాట. స్టాటిక్ అరేల విషయంలో ఎర్రర్ పక్కన చూపించే లైన్ నంబరును నమ్మకండి. నాకు అది క్లాసులో అన్నిటికంటే పైనున్న స్టాటిక్ లైనును చూపించింది. పాపం అక్కడున్నది ఒక చిన్న లెక్కింపు వేరియబుల్!

ప్రశ్న: ఒక పొడవైన తెలుగు వ్యాసాన్ని స్ట్రింగ్‌గా పెడితే, దాని యూటీఎఫ్8 రూపం "టూ లాంగ్ ఫర్ ద కాన్‌స్టాంట్ పూల్" అని ఎర్రర్ వచ్చింది. అక్షరాలు 30,000 కూడా లేవు. నాలుగు ముక్కలు చేసి ప్లస్‌తో కలిపినా అంతే.

జవాబు: హద్దు 65,535 బైట్లకు, అక్షరాలకు కాదు. తెలుగులో అక్షరానికీ దాని గుణింతపు గుర్తుకూ విడివిడిగా యూనికోడ్ సంఖ్యలుంటాయి, ఒక్కోదానికీ మూడు బైట్లు. "తెలుగు" అన్న మాటకే 18. అంటే అలాంటి 21,845 సంఖ్యలతో సంచీ నిండిపోతుంది. ఇక ప్లస్ సంగతి. అన్నీ కొటేషన్లలోని ముక్కలే అయితే కంపైలరే వాటిని అతికించి ఒకే స్ట్రింగ్ చేసేస్తుంది. మీరు కోసింది అది కుట్టేస్తోంది. స్ట్రింగ్‌బిల్డర్‌లో ఒక్కో ముక్కను అపెండ్ చేస్తే కుట్టదు. అయినా వ్యాసాన్ని ఫైల్లో పెట్టమనే నా సలహా.

ప్రశ్న: స్క్రిప్టు పుట్టించిన ఒక పెద్ద స్విచ్ మెథడ్ 60,000 బైట్ల దగ్గర కంపైలయింది. కానీ నత్తనడక.

జవాబు: హాట్‌స్పాట్ జేవీఎం (జావా ప్రోగ్రాంలను నడిపే యంత్రాంగం) 8,000 బైట్లు దాటిన మెథడ్‌ను మామూలుగా మెషీన్ కోడ్‌లోకి మార్చదు. ఎన్ని లక్షల సార్లు పిలిచినా ఒక్కో ఆదేశాన్నీ చదువుతూ నడిపే ఇంటర్‌ప్రెటర్‌లోనే నడుస్తుంది. అనుమానం తీరాలంటే డోంట్‌కంపైల్‌హ్యూజ్‌మెథడ్స్ అనే ఫ్లాగును మైనస్ గుర్తుతో ఆపి ఒకసారి నడపండి. వేగం పెరిగితే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత ఫ్లాగు తీసేసి, ఎక్కువసార్లు నడిచే కేసుల లోపలి పనిని చిన్న మెథడ్లలోకి జరిపేలా స్క్రిప్టును మార్చండి.