తడి డైపర్‌ను నమ్మవద్దు

చిరంజీవి సుధకు,

నిన్ను పిల్లల వార్డులో వేశారని తెలిసి సంతోషించాను. చక్కెర జబ్బు ఉన్న బిడ్డ ఒళ్లు ఎండిపోయి వస్తే ఏం చూడాలని అడిగావు.

విరేచనాలయిన బిడ్డ మూత్రం పోస్తే హమ్మయ్య అనుకుంటాం. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. రక్తంలో చక్కెర 180 దాటితే మూత్రంలోకి దిగి, నీటినీ తనతో లాక్కుపోతుంది. ఒంట్లో నీరు అడుగంటుతున్నా డైపర్ బరువుగానే ఉంటుంది. నాలుక సాక్ష్యమూ అంతే. ఆయాసంతో నోటితో ఊపిరి తీస్తే అది ఎలాగూ ఎండుతుంది. అందుకే బిడ్డను నువ్వే తూకం వేయి, తల్లి చెప్పిన బరువు రాసుకోకు. ఛాతీ మీద వేలితో ఐదు సెకన్లు నొక్కి వదులు. రంగు రెండు సెకన్లలో తిరిగి రాకపోతే వెంటనే డాక్టరుకు చెప్పు.

సెలైన్ డాక్టరు రాసిన వేగంతోనే పోవాలి. మొదటి విడత తర్వాత మిగిలిన లోటును 24 నుంచి 48 గంటల్లో నింపుతారు. ఇన్సులిన్ డ్రిప్ సాధారణంగా సెలైన్ మొదలైన గంట తర్వాత పెడతారు. ఇన్సులిన్ గొట్టానికి అంటుకుంటుంది కనుక, బిడ్డకు కలిపే ముందే కొంత మందు గొట్టంలోంచి పోనిచ్చి పారబోయి. చక్కెర దిగిందని డ్రిప్ నీ అంతట నువ్వు ఆపకు. ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు, అంటే కీటోన్లు, ఇంకా ఉంటాయి. అప్పుడు సెలైన్‌లో గ్లూకోజు కలపమంటారు. ఇన్సులిన్ వల్ల రక్తంలో పొటాషియం కూడా పడిపోతుంది, దాంతో గుండె లయ తప్పవచ్చు, ఈసీజీ మీద ఒక కన్ను ఉంచు.

నా కొత్తలో ఒక రాత్రి, అప్పటిదాకా కబుర్లు చెప్పిన పిల్లవాడు మగతగా పడుకున్నాడు. చక్కెర చక్కగా దిగుతోంది. అలసి నిద్రపోయాడులే అనుకున్నాను. చార్టులో రాయబోతే నాడి గంట గంటకూ తగ్గుతూ కనిపించింది. తట్టి లేపితే తన పేరు చెప్పడానికి తడబడ్డాడు. మెదడు వాపు! ఈ పిల్లల్లో మేం ఎక్కువగా భయపడేది దానికే. పరుగున డాక్టరును పిలిచాను, వాపు తగ్గించే మానిటాల్ మందు ఎక్కించారు, కోలుకున్నాడు. ఇప్పటికీ ఆ మంచం దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది నాకు. తలనొప్పి, చిరాకు, మగత, నాడి నెమ్మదించడం, బీపీ పెరగడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకు. గంటకోసారి లేపు, తల్లి విసుక్కున్నా సరే.

ఇంటికి పంపేటప్పుడు, బిడ్డ తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదని తల్లిదండ్రులకు చెప్పు. తలూపితే చాలదు, వాళ్ల నోటితో ఒకసారి చెప్పించుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ