మూసీ కాలువ కింద తల్లి చేపలు పెట్టకు, బిడ్డా

బిడ్డా మౌనికా,

పెబ్బేరులో చదువు అయిపోగానే ఉద్యోగం వద్దని, చేపపిల్లల హేచరీ పెడతానన్నావట. మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. నేను బతుకంతా ఇంకొకరి హేచరీలో జీతానికి చేశాను. మన ఇంటి పిల్ల సొంతంగా పెడుతుందంటే నాకెంత సంబరమైందో! కానీ నువ్వు చూసిన గుంటలు సూర్యాపేట దగ్గర మూసీ ఆయకట్టులోవని తెలిశాక నిద్ర పట్టలేదు.

గట్లు గట్టిగా పోయించు, సున్నం చల్లించు, జనరేటర్ కొను. ఇవన్నీ నీకు తెలిసినవే. నీళ్ల సంగతే నేను చెప్పాలి.

నేను చేసిన ఒక హేచరీలో యజమాని తల్లి చేపలను, అంటే పిల్లలు తీయడానికి పెంచే ఆడ, మగ చేపలను, మూసీ కాలువ పారే గుంటలో పెట్టాడు. ఖర్చు లేని నీళ్లు. రవ్వలు, బొచ్చెలు తెగ బలిశాయి, ఒక్కటీ చావలేదు. చేప బతికిందంటే నీళ్లు మంచివేనని ఆయన లెక్క. వానలు పడ్డాయి, గుడ్లు పెట్టించే హార్మోన్ సూది వేసే రోజు వచ్చింది. ఆ సీజన్లో మగ రవ్వ రొమ్ము రెక్క మీద వేలు రాస్తే గరుకు తగలాలి. పొట్ట మెల్లగా నొక్కితే పాలు, అంటే వీర్యం, చిక్కగా కారాలి. ఆ గుంటలో చాలా మగవాటి రెక్కలు నున్నగానే ఉన్నాయి. నొక్కితే పలచగా చుక్కో, రెండు చుక్కలో. తెల్లారేసరికి గుడ్లు చాలావరకు ఫలించక తెల్లబడిపోయాయి. సూది మందు నకిలీదని ఆయన దుకాణం వాడితో కొట్లాడాడు, మోతాదు పెంచమని మా మీద అరిచాడు. మరుసటి ఏడూ అదే గుంట, అదే గొడవ. చివరికి అప్పులపాలై హేచరీ మూసేశాడు. నీళ్లు పరీక్ష చేయిద్దామని ఎవరికీ తట్టలేదు.

నీళ్లలో హార్మోన్ కలిస్తే కెనడాలో ఏం జరిగిందో నీ పుస్తకాల్లో ఉండే ఉంటుంది, మళ్లీ చదువు. ఒంటారియోలో పరిశోధన కోసమే ఉంచిన ఒక చెరువులో 2001 నుంచి 2003 దాకా గర్భనిరోధక మాత్రల్లోని కృత్రిమ ఈస్ట్రోజన్, అంటే ఆడ హార్మోన్, కలిపారు. లీటరుకు 5, 6 నానోగ్రాములే. గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఐదారు! చిన్న చేపల్లో మగవాటి ఒంట్లో గుడ్డుకు పనికొచ్చే ప్రోటీన్ తయారైంది, కొన్నింటి వృషణాల్లో గుడ్లే కనిపించాయి. కొత్త పిల్లలు రాక ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కలపడం ఆపేశాక కొన్నేళ్లకు మళ్లీ పెరిగింది. శాస్త్రవేత్త కారెన్ కిడ్ బృందం 2007లో ఇదంతా ప్రచురించింది.

హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే నది మూసీ. మాత్ర ఒక్కదాన్నే తిట్టకు, మనుషుల ఒంట్లోంచి, పశువుల ఒంట్లోంచి సహజంగా పోయే హార్మోన్లూ మురుగులోనే కలుస్తాయి. శుద్ధి చేసినా కొంత మిగులుతుంది. పీహెచ్, ఆక్సిజన్, అమ్మోనియా చూసే మామూలు పరీక్షలో ఇది తేలదు.

"మనం వేసే సూదీ హార్మోనే కదా పెదనాయనా" అంటావు. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి సూదితో పిల్లలు తీసినప్పటి నుంచి మన బతుకు దాని మీదే నడిచింది, నేనెందుకు తప్పు పడతాను? సూది సీజన్లో పక్వానికి వచ్చిన చేపకు, తూకం చూసి, ఒకటి రెండు మోతాదులు. మురుగు నీళ్లలో చేప పుట్టిన దగ్గర్నుంచి రాత్రింబగళ్లు నానుతుంది. రెండూ ఒకటెట్లా అవుతాయి?

ఇంత చదివి, లీజు తక్కువని అక్కడికి పోయావా? ముఖం ముడుచుకోకు తల్లీ. చిన్నప్పుడు బకెట్లో చేపపిల్లలు పోస్తే లెక్కపెడుతూ అన్నం మరిచిపోయేదానివి. అట్లాంటి పిల్ల గుడ్లు తెల్లబడి ఏడిస్తే నేను చూడలేను.

పైన ఊరి మురుగు కలవని వాన చెరువు వెతుకు. బోరైతే ఫ్లోరైడ్ చూపించు, మన నల్లగొండ సంగతి తెలుసుగా. తల్లి చేపలు అక్కడ, అమ్మకపు చేపలూ అక్కడే. ప్రతి సీజన్ మొదట్లో మగవాటి పాలు నువ్వే నొక్కి చూడు, కూలీకి వదలకు. ఎవరైనా తిలాపియా చేపలను అంతా మగవే చేసే హార్మోన్ దాణా ఇస్తానంటే వద్దను, ఆ గుంట నీళ్లు పోయేది మళ్లీ మన చెరువులోకే.

వచ్చే ఆదివారం నేనూ వస్తున్నాను, ఇద్దరం కలిసి చెరువులు చూద్దాం. అప్పటిదాకా లీజు కాగితం మీద సంతకం పెట్టకు.

నీ పెదనాయన