పడక పక్కన రేడియో, నెత్తి మీద మరో ఈఎంఐ

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. జీతం చేతికి 34,000 వస్తుంది. నాన్న పాటలన్నీ నింపి పెట్టుకున్న ఐపాడ్ క్లాసిక్ ఆయన పోయాక నా దగ్గరే ఉంది. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుంటాను, ఫోన్ పక్కనుంటే నిద్ర పట్టదు. అందుకే ఐపాడ్‌ను పైన గుచ్చి వాడే అలారం రేడియో కొనాలనుకుంటున్నాను. అమెరికా నుంచి తెప్పించిన కొత్త సెట్టు 18,000కు దొరుకుతోంది. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టనా, లోన్ యాప్‌లో తీసుకోనా? నెలకు 1,500 పెద్ద భారం అనిపించడం లేదు. కార్డులో 48,000 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ 2,400 కడుతున్నాను. ఫోన్ ఈఎంఐ 2,100 ఇంకా నాలుగు నెలలుంది, ఫ్రిజ్ ఈఎంఐ 1,800. అమ్మ మందులతో కలిపి ఇంటి ఖర్చు 24,000. బ్యాంకులో 9,000 ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: లోన్ యాప్ సంగతి ముందే చెప్పేస్తాను. ఆ యాప్ మీ ఫోన్‌లో ఉంటే ఇప్పుడే తీసేయండి. దాని గురించి ఇంతకు మించి మాట్లాడను.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ‘నెలకు 1,500 పెద్ద భారం కాదు’ అన్న ఆ ఒక్క మాట కోసం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ మాట దగ్గరే దెబ్బ తింటున్నారు. ఫోన్ కొన్నప్పుడు ఇదే అనుకున్నారు, ఫ్రిజ్ కొన్నప్పుడూ ఇదే అనుకున్నారు.

మీ కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడండి. చాలా కార్డుల్లాగే నెలకు 3.5 శాతం వడ్డీ అయితే 48,000 మీద 1,680 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ 302. మీరు కట్టే 2,400లో అసలు కింద జమయ్యేది 418 రూపాయలు! పైగా బాకీ పూర్తిగా తీర్చని కార్డుకు వడ్డీ లేని గడువు ఉండదు. ఆ కార్డు గీకి పాల ప్యాకెట్ కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అలాంటి కార్డు మీద నో కాస్ట్ అనే మాట నమ్మకండి. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ ఎలాగూ మీరే కడతారు.

అంతకంటే నాకు భయం వేసింది ఆ 9,000 చూసి. మీరు ఆసుపత్రిలోనే పనిచేస్తున్నారు. అడ్వాన్స్ కట్టమనగానే కౌంటర్ ముందే చెవి దుద్దులు తీసి కొడుకు చేతిలో పెట్టే తల్లులను మీరు చూసే ఉంటారు. రేపు మీ అమ్మగారికి అలాంటి అవసరం వస్తే మీ దగ్గరున్నది పదకొండు రోజుల ఇంటి ఖర్చు మాత్రమే. మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, అంటే 1,44,000. అత్యవసర నిధి మిగిలితే దాచుకునే డబ్బు కాదమ్మా, ఇంటి అద్దెలాగా ముందే తీసి పెట్టాల్సిన డబ్బు.

అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు 3,700 మిగులుతోంది. అందులో 2,500 అదనంగా కార్డుకు కట్టండి, 1,200 వేరే ఖాతాలో వేయండి. దానికి ఏటీఎం కార్డు కూడా తీసుకోవద్దు. ఫోన్ ఈఎంఐ అయిపోగానే ఆ 2,100 కూడా కార్డుకే మళ్లించండి. కార్డు కొత్తగా వాడకపోతే బాకీ పది నెలల్లో తీరిపోతుంది, అప్పటికి నిధి 21,000 అవుతుంది. ఆ తర్వాత నెలకు 8,200 చొప్పున వేస్తే మరో 15 నెలల్లో 1,44,000 పూర్తవుతుంది. బోనస్ వస్తే అదీ అందులోకే. అమ్మగారి నగల మీద లోను తీసుకుని కార్డు తీర్చేస్తే వడ్డీ తగ్గుతుంది, కానీ కార్డు మళ్లీ వాడనని మీకు గట్టి నమ్మకం ఉంటేనే. అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే వాకబు చేయండి, వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు.

ఇక ఆ సెట్టు సంగతి. డబ్బున్నా కొనవద్దనే చెబుతాను. మీ ఐపాడ్‌కు ఉన్నది 30 పిన్నుల సాకెట్. యాపిల్ దాన్ని 2003లో తెచ్చింది, 2012లో లైట్నింగ్ అనే చిన్న సాకెట్‌కు, 2023లో ఐఫోన్లను యూఎస్‌బీ-సీకి మార్చేసింది. ఐపాడ్ క్లాసిక్ 2014లో, మొత్తం ఐపాడ్‌లే 2022లో ఆగిపోయాయి. మీ ఐపాడ్ పాడైన రోజున సెట్టు పైనున్న ఆ పిన్నులు దేనికీ పనికిరావు.

అమెరికా సరుకుతో ఇంకో చిక్కుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ మీద 100-240 అని లేకపోతే ప్లగ్గు పెట్టగానే కాలిపోతుంది. అక్కడి డిజిటల్ రేడియోలు చాలావరకు 102.7, 102.9 అంటూ బేసి అంకెల మీదే ఆగుతాయి. హైదరాబాద్ వివిధ భారతి వచ్చేది 102.8లో, అంటే ఆ రెండింటికీ మధ్యలో, కాబట్టి సరిగ్గా పట్టదు.

మీకు కావాల్సింది మన దగ్గర దొరికే మామూలు అలారం ఎఫ్ఎం రేడియో. వెనుక ఆక్స్ సాకెట్ (బయటి నుంచి పాటల వైరు గుచ్చే రంధ్రం) ఉందా, కరెంటు పోయినా టైమ్ నిలబెట్టే బ్యాటరీ ఉందా, అంకెల వెలుగు తగ్గించే మీట ఉందా అని చూసుకోండి. ఐపాడ్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆక్స్‌కు ఒక వైరు కలిపితే నాన్నగారి పాటలు అందులోంచే వస్తాయి. 2,500 దాటకుండా, రొక్కం ఇచ్చి కొనుక్కోండి. అది కూడా కార్డు బాకీ తీరిన నెలలోనే. అప్పటిదాకా ఫోన్ వేరే గదిలో పెట్టి మామూలు అలారం గడియారం వాడండి.

ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి. ఐపాడ్ క్లాసిక్ లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్, ఒకసారి కింద పడితే చాలు పోవడానికి. కంప్యూటర్ తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుని ఈ ఆదివారమే ఆ పాటలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించండి, ఒకటి అమ్మగారి బీరువాలో పెట్టండి.