బంతి పట్టని ఆటగాడిని గొప్పవాడని ఏ లెక్కన అంటారు? జో థామస్ ఉదాహరణతో ఒక సమాధానం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అఫెన్సివ్ లైన్‌మన్ బంతి పట్టడు, పాయింట్లు చేయడు, మరి అతన్ని గొప్ప ఆటగాడని ఎలా నిర్ణయిస్తారని మీరు అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఉంటున్నాను, ఇక్కడి బ్రౌన్స్ జట్టు ఆటలను స్టేడియంలో కూర్చుని చూస్తూ వచ్చాను. 2007 నుంచి 2017 వరకు ఈ జట్టుకు లెఫ్ట్ టాకిల్‌గా ఆడిన జో థామస్ గురించి చెబితే మీ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

ముందుగా ఆ స్థానం గురించి కొంత చెప్పాలి. దాడి చేసే జట్టులో ముందు వరుసలో నిలబడే ఐదుగురిలో మధ్యవాడు సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, చివర్లలో టాకిల్స్ ఉంటారు. సెంటర్ కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించడాన్ని స్నాప్ అంటారు. ఆ బంతిని అందుకుని ముందుకు విసిరే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి ఒళ్లు తిప్పినప్పుడు అతని వీపు ఎడమవైపుకు వస్తుంది కనుక, అటునుంచి దూసుకొచ్చే ప్రత్యర్థి అతనికి కనపడడు. ఆ ప్రత్యర్థిని మూడు నాలుగు సెకన్ల పాటు అడ్డుకోవడమే లెఫ్ట్ టాకిల్ పని. ఎదుటివాడు ముందుకు పరుగెత్తుతుంటే ఇతను వెనక్కి జరుగుతూ ఆపాలి; అవతలివాడి చొక్కా బయటివైపు పట్టుకుని లాగితే హోల్డింగ్ అనే తప్పు కింద జట్టు పది గజాలు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

టీవీలో కెమెరా బంతి వెంట వెళ్లిపోతుంది కనుక ఈ పోరాటం సరిగా కనపడదు. స్టేడియంలో గోల్ వెనక ఉండే వరుసల్లో, ఈరీ సరస్సు మీది నుంచి వచ్చే చలిగాలిలో కూర్చున్నప్పుడు నేను బంతిని వదిలేసి 73వ నంబరు చొక్కానే చూడడం అలవాటు చేసుకున్నాను. స్నాప్ జరగగానే థామస్ ఎడమ పాదాన్ని గడ్డికి దాదాపు ఆనించే వెనక్కి జరిపేవాడు, కుడి పాదం దాని వెంటే వచ్చేది, రెండు పాదాలూ ఎప్పుడూ దగ్గరపడేవి కావు. ఆరడుగుల ఆరంగుళాల ఆ మనిషి నడుము వంచకుండా మోకాళ్లు మాత్రమే వంచి, చేతులను ఛాతీ ముందు సిద్ధంగా ఉంచుకుని, ఎదుటివాడు తన మొదటి ఎత్తు బయటపెట్టేదాకా ఆగేవాడు. చాలామంది టాకిల్స్ తొందరపడి చేతులు ముందుకు విసిరి తూలిపోవడం చూశాను. ఆ తొందర అతనిలో నాకు కనపడలేదు. క్రికెట్‌లో వికెట్ కీపర్ క్యాచ్ వదిలేసినప్పుడే మనకు గుర్తొచ్చినట్టు, లైన్‌మన్ పేరు సాధారణంగా తప్పు జరిగినప్పుడే మైకులో వినపడుతుంది. అతని పేరు చాలా తక్కువగా వినపడేది.

ఇక లెక్క సంగతి. థామస్ తన మొదటి ఆట నుంచి గాయపడేదాకా వరుసగా 10,363 స్నాప్‌లు ఆడాడు, వాటిలో ఒక్కదానికీ మైదానం బయట లేడు. వరుసగా 167 ఆటల్లో బరిలోకి దిగాడు. తన బరువున్నవాడినో తనకంటే వేగంగా కదిలేవాడినో ప్రతి ఆటలోనూ పదుల సార్లు ఢీకొట్టవలసిన స్థానంలో ఇది ఎంత అరుదో ఈ ఆట చూసేవారికి తెలుసు. నా దృష్టిలో లైన్‌మన్ గొప్పతనానికి మొదటి కొలమానం ఇదే: అతను లేని రోజు అతని పక్కనున్న గార్డు అడుగులు మారిపోతాయి, క్వార్టర్‌బ్యాక్ బంతిని అరక్షణం ముందే వదిలేస్తాడు, మొత్తం దాడి తీరే కుంచించుకుపోతుంది.

అయితే ఈ అంకెలను ఎలాంటి జట్టులో సాధించాడో కూడా చూడాలి. జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2007లో, మూడో స్థానంలో ఎంపికైన అతను, ఆ కార్యక్రమం జరిగే న్యూయార్క్ వేదిక మీద నిలబడే అవకాశం కాదనుకుని, ఆ రోజు తండ్రితో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పట్టడానికి వెళ్లాడు. ఆ తొలి ఏడాది బ్రౌన్స్ పది ఆటలు గెలిచినా ప్లేఆఫ్స్‌కు, అంటే టైటిల్ కోసం జరిగే చివరి దశ పోటీలకు, చేరలేదు. ఆ తరువాత అతను ఉన్నంతకాలం ఒక్క ఏడాది కూడా ఓటములకంటే ఎక్కువ గెలుపులు దక్కలేదు. అతను 20 మంది వేర్వేరు క్వార్టర్‌బ్యాక్‌లను కాపాడాడు. ఒక్కొక్కరు ఒక్కో లోతుకు వెనక్కి వెళతారు, కొందరు బంతిని చేతిలో ఎక్కువసేపు ఉంచుకుంటారు, అందుకు తగ్గట్టు టాకిల్ తన కోణం మార్చుకుంటూనే ఉండాలి. ఇంత ఓడిపోయే జట్టు నుంచి లీగ్‌లోని మేటి ఆటగాళ్లను పిలిచే ప్రో బౌల్‌కు వరుసగా పదిసార్లు ఎంపికవడం, ఆ ఏడాది ప్రతి స్థానంలో అత్యుత్తములతో ప్రకటించే మొదటి ఆల్-ప్రో జట్టులో ఆరుసార్లు నిలవడం జరిగిందంటే, గెలుపోటములతో నిమిత్తం లేకుండా అతని పనిని విడిగా చూసి తూచారన్నమాట. వేరే జట్టుకు వెళ్లిపోతే బాగుండునని ఇక్కడివాళ్లే చాలాసార్లు అనుకునేవారు, ఆ మాటలో అతని మీద ప్రేమే ఉండేది.

2017 అక్టోబర్ 22న టెన్నెసీ టైటన్స్‌తో ఇక్కడే ఆడుతుండగా అతని ఎడమచేతి ట్రైసెప్స్ కండరం తెగింది. నేను ఆ రోజు స్టేడియంలో ఉన్నాను. అతను లేచి చేయి పట్టుకుని బయటికి నడిచాడు, అతని స్థానంలోకి మరొకరు వచ్చి నిలబడ్డారు. నా చుట్టూ ఉన్నవాళ్లు బంతి ఎక్కడుందో చూడడం మానేసి అతన్నే చూశారు. ఆ ఏడాది జట్టు 16 ఆటలూ ఓడిపోయింది. 2018 మార్చిలో అతను ఆటకు స్వస్తి చెప్పాడు, ఆ ఏడాదే స్టేడియంలో 10,363 అనే సంఖ్యను గౌరవ చిహ్నంగా ప్రదర్శించారు. 2023లో, అర్హత వచ్చిన తొలి ఏడాదే, క్లీవ్‌లాండ్‌కు దగ్గరలోనే ఉన్న కాంటన్‌లో, ఈ ఆటలోని మహామహులకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు దక్కింది.

ఈ వృత్తి శరీరం నుంచి ఏం తీసుకుంటుందో కూడా చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. అంత బరువు నిలుపుకోవడానికి ఆకలి లేకపోయినా రోజంతా తింటూ ఉండాలి. విరమించాక థామస్ సుమారు 50 పౌండ్లు, అంటే 22 కిలోలకు పైగా తగ్గి, టీవీలో కనిపించినప్పుడు గుర్తుపట్టలేనంతగా మారిపోయాడు.

మీరు స్వయంగా పరిశీలించాలనుకుంటే, ఏదైనా ఆట రికార్డింగ్‌లో మైదానం మొత్తం కనిపించే కోణం ఎంచుకుని, స్నాప్ తరువాత మూడు సెకన్లు ఎడమ చివరి ఆటగాడి పాదాలను మాత్రమే చూడండి. ఆ తరువాత అదే దృశ్యాన్ని వెనక్కి తిప్పి బంతిని చూడండి. పదిసార్లు అలా చూస్తే, బంతి ఎందుకు చేరవలసిన చోటికి చేరిందో మీకే తెలుస్తుంది.